అంగుళం కడ్డీ

త్రిమూర్తులు మేస్త్రిగారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా, ముందు "ఏవీ, చేతులు చూపించు" అనేవారు. ప్రశ్న ఇంజను గురించి కావచ్చు, ఇంటి గొడవ గురించి కావచ్చు. అడిగినవాడు అరచేతులు చాపితే, జోస్యం చెప్పేవాళ్ళలా గీతలు చూసేవారు కాదు, వేళ్ళ కొసలు చూసేవారు. చూసి ఒక్కోసారి జవాబు చెప్పేవారు. ఒక్కోసారి "కడుక్కుని రా" అనేవారు. చాలాసార్లు ఏమీ అనకుండా తన పనిలో పడిపోయేవారు. కాకినాడ జగన్నాథపురంలో, వంతెన దిగాక ఎడమచేతి వైపున్న ఆయన షెడ్డులో ఇంజను పని నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ అలవాటు తెలుసు. ఎందుకని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగితే మళ్ళీ చేతులే చూపించమంటారు కదా.

నాకు ఆ షెడ్డుతో పని పడింది మా అన్నయ్య కారు వల్ల. ఎర్రది, పాతది, రెండే సీట్లు. పైకప్పు గుడ్డది. అన్నయ్య ఓడరేవులో ఉద్యోగం చేసే రోజుల్లో, ఊరు విడిచి పోతున్న ఒక ఇంగ్లీషు దొర దగ్గర కొన్నాడు. దొర పేరు నిన్నటిదాకా గుర్తుంది, ఇవాళ రావడం లేదు. కారు చప్పుడు మాత్రం ఇంకా గుర్తుంది. అన్నయ్య ఉప్పాడ రోడ్డు మీద గేరు మార్చినప్పుడల్లా అది గొంతు సవరించుకున్నట్టు మూలిగేది. ఆరేళ్ళ కిందట ఇంజను అడుగు నుంచి సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు మొదలైంది. అన్నయ్య కారుని మూల పెట్టేశాడు. నిరుడు ఆయనే పోయాడు. చప్పుడు నాకు గుర్తుండగానే ఇంకొక్కసారి వినాలని నా పట్టుదల. గుర్తు పోయాక విన్నా, అదో కాదో నాకెలా తెలుస్తుంది?

అక్కడ విన్న రెండు మూడు సంగతులు చెప్పకపోతే తక్కిన కథ బోధపడదు. ఇంజనులో క్రాంకు అనే వంకర ఉక్కు కడ్డీ ఉంటుంది. పిస్టన్లు పైకీ కిందికీ పోతుంటే అది గిరగిరా తిరుగుతుంది. అది తిరిగే ప్రతిచోటా, నిలువునా చీల్చిన వెదురు గొట్టంలా రెండు రేకులు దాన్ని ఒడిసి పట్టుకుని ఉంటాయి. అవే బేరింగులు. రేకు మెత్తన, క్రాంకు గట్టి. అరిగితే రేకు అరగాలి గాని క్రాంకు అరగకూడదు. ఎప్పుడైనా క్రాంకు అరిగితే, మెషీను మీద పెట్టి సాపు చేసి, దాన్నే 'కొట్టడం' అంటారు, అది సన్నబడిన మేరకు మందమైన రేకులు వేస్తారు. వాటికి పది, ఇరవై, ముప్పై, నలభై అని సైజులు. ఈ కారుకి నలభైతో ఆఖరు. ఆపైన రేకులు లేవు. ఇంకో క్రాంకు దొరుకుతుందన్న ఆశ కూడా లేదు.

మా అన్నయ్య క్రాంకు మీద పంచితో గుద్దిన అంకె ముప్పై. అంటే ఒక్క మెట్టు మిగిలింది. ఎందుకైనా మంచిదని నేను విదేశం నుంచి రెండు పెట్టెలు తెప్పించాను. ఒకటి ముప్పై సైజు, పాతకాలపు మెత్తని లోహం. రెండోది నలభై, పందేల కార్లకు వేసే గట్టి రకం. పనికిరానిదాన్ని సీలు విప్పకుండా వెనక్కి పంపొచ్చు. మేస్త్రిగారు రెండో పెట్టె మీది బొమ్మ చూసి ముఖం చిట్లించారు. "మెత్తనివాడి మీద గట్టివాడు తిరగాలమ్మా. ఇద్దరూ గట్టివాళ్ళయితే నూనె ఎంత పోసినా ఒకడు పోతాడు" అన్నారు. విధిలేకపోతే తప్ప దాని సీలు ముట్టుకోవద్దన్నారు.

ఏ పెట్టె విప్పాలో తేల్చేది మైక్రోమీటరు. లావు కొలిచే సాధనం అది, చిన్న గుర్రపునాడాలా ఉంటుంది. ఒక పక్క కదలని మొన, రెండో పక్క గొట్టం తిప్పితే ముందుకు జరిగే మొన. వస్తువు రెంటి మధ్యా తగిలీ తగలగానే ఆగాలి. ఇంకా నొక్కి బిగిస్తే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఎవరూ అతిగా బిగించకుండా, గొట్టం చివర టిక్కుటిక్కుమని జారిపోయే చిన్న మర ఒకటి తయారుచేసినవాళ్ళే పెడతారు. మేస్త్రిగారు తన షెడ్డులో ఉన్న ప్రతి మైక్రోమీటరుకీ ఆ మర ఊడదీసి పారేశారు. ఆ టిక్కుకి అలవాటు పడ్డ చెయ్యి గుడ్డిదని ఆయన వాదం. తగలడం ఎక్కడో, నొక్కడం ఎక్కడో వేళ్ళకే తెలియాలి. బయటివాళ్ళు నవ్వినా ఆయన శిష్యులకి అదే గొప్ప. వాళ్ళు కొలిచేది అంగుళంలో వెయ్యో వంతు, థౌ అంటారు. ముప్పై సైజంటే క్రాంకు ముప్పై థౌలు సన్నబడిందని. మన తలవెంట్రుక మూడు థౌలుంటుందట.

ఆయన దగ్గర ఆఖరికి మిగిలిన శిష్యుడు మరిడయ్య. నలభై అయిదేళ్ళవాడు, మనిషి బండలా ఉంటాడు, పని మాత్రం కంసాలి పని. ఆ సోమవారం పొద్దున్నే ఇంజను విప్పి, క్రాంకుని కిరసనాయిలుతో కడిగి, బల్ల మీద రెండు చెక్క దిమ్మల మధ్య పెట్టాడు. పాత రేకులు తీసి నాకు చూపించాడు. లోపలి వెండిరంగు పొర మొత్తం పోయి రాగి బయటపడింది. "చప్పుడు ఇందుకేనండి. రేకులు పోయాయి. క్రాంకు నున్నగానే ఉంది చూశారా. మీ అన్నగారు మంచి టైములో ఆపేశారండి" అన్నాడు సంతోషంగా. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ఇంతకుముందు ముప్పైకి కొట్టింది ఎవరో పనిమంతుడేనండి, ఎక్కడా గీత లేదు. ఎవరో తెలుసునాండి?" అని అడిగాడు.

నేను అన్నయ్య డైరీ వెంట తీసుకెళ్ళాను. నా మాట మీద నాకు నమ్మకం లేక ఇప్పుడు అన్నీ కాగితం చూసే చెబుతున్నాను. పేజీ వెతికి చదివాను. పదిహేనేళ్ళ కిందటి మాట. 'క్రాంకు ముప్పైకి. సర్పవరం రోడ్డు నూకరాజు.'

మరిడయ్య చేతిలో గుడ్డ కింద పడింది. మేస్త్రిగారు గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని పళ్ళచక్రం ఏదో రుద్దుతున్నారు. రుద్దడం ఆగింది. మళ్ళీ మొదలైంది.

"వాడాండి?" అన్నాడు మరిడయ్య. వెనక్కి తిరిగి మైక్రోమీటరు అందుకున్నాడు. నాలుగు చోట్ల కొలిచాడు. ఒక్కోచోట కొలిచి, పళ్ళ మధ్య నుంచి గాలి పీల్చాడు. నాలుగోది అయ్యాక నా వైపు తిరిగేసరికి అతని మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. "రెండు థౌలు తక్కువండి. నాలుగింటికి నాలుగూ. అరిగితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరుగుద్ది. ఇది అరుగుడు కాదండి. ముప్పై అని గుద్ది ముప్పైరెండు కొట్టేశాడు, దొంగనాయాలు. మీ అన్నగారి రేకులు పోయింది అందుకేనండి. సందు ఎక్కువై నూనె నిలవలేదు."

ఆరేళ్ళు ఆ కారు మూలన పడి ఉండటానికి, అన్నయ్య దాని స్టీరింగు మళ్ళీ పట్టకుండానే పోవడానికి కారణం ఒక మనిషి, ఆ మనిషికి ఒక పేరు ఉంది, చిరునామా ఉంది. కోపానికి అంతకంటే ఏం కావాలి? "ఎవరా నూకరాజు?" అన్నాను.

మరిడయ్య చెప్పాడు. నూకరాజూ తనూ ఒకే ఏడు షెడ్డులో చేరారు. ఒకే క్యారేజీలో తిన్నారు. బావా అంటే బావా అనుకున్నారు. "వాడి చెయ్యి నాకన్నా నయమేనండి, అబద్ధమెందుకు. గురువుగారికీ వాడే ముద్దు. పద్దెనిమిదేళ్ళ నాడు ఓ పొద్దున్న వచ్చి, నేను సొంత షెడ్డు పెట్టుకుంటన్నానండి, దీవించండి అన్నాడు. గురువుగారు మాటాడలేదు. మధ్యాహ్నం వాడు కొట్టిన లారీ క్రాంకు ఒకటి బల్ల మీదుంటే తీసి కొలిచారు. పళ్ళు పటపట కొరుకుతా కొలిచారండి. ఆ కోపం మీరు చూడలేదు. మూడు థౌలు తక్కువ! అందరి ముందూ ఆ కొలత వాడి ముఖం మీదే చదివారు. గ్యాసు కట్టరు తెప్పించి, ఆ క్రాంకుని అప్పటికప్పుడే రెండు ముక్కలు చేయించారు. పోరా, నా పేరు చెప్పుకోకు, ఈ గడప తొక్కకు అన్నారు. ఆ నూకరాజేనండి. పోయినవాడు ఊరుకున్నాడా? మన ఖాతాదార్లు సగం మందిని అటు లాక్కున్నాడు. గురువుగారి పెంపకం, వాడి సంపాదన."

ఇంత పెద్దగా చెబుతున్నా మేస్త్రిగారు తల ఎత్తలేదు. మరిడయ్య ఫోను తీసి అక్కడే నిలబడి నూకరాజుకి చేశాడు. ఏం తిట్టాడో రాయను. ఫోను పెట్టేసి, చెయ్యి తుడుచుకుని, గురువుగారి ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. ఒకడు దొంగని తెలిశాక కూడా, కలిసి ఒక కంచంలో తిన్నాం కదాని నోరు మూసుకోవడం ధర్మమా? నలుగురిలో నిలబెట్టడం ధర్మమా?"

"చేతులు చూపించు" అన్నారు మేస్త్రిగారు.

"చేతులకేమైందండి? నేనడిగింది..."

"చూపించరా."

మరిడయ్య విసురుగా చాపాడు. నేనూ తొంగిచూశాను. కుడి బొటనవేలి మీదా చూపుడువేలి మీదా, సన్నటి గళ్ళు అచ్చుపడి ఉన్నాయి. జల్లెడ మీద గట్టిగా అదిమితే పడే గుర్తుల్లాంటివి. ఫోను చేసేంతసేపు గడిచినా ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఏమిటో నాకప్పుడు తెలియలేదు. మేస్త్రిగారు వాటిని చూసి, "ఊఁ" అని, మళ్ళీ తన పళ్ళచక్రం అందుకున్నారు.

"అంతేనాండి జవాబు? సరే, నేనే చెబుతాను" అన్నాడు మరిడయ్య. "శుక్రవారం మెకానిక్కుల సంఘం మీటింగుంది. ఈ క్రాంకు కొలత కాగితం మీద రాసి, మీ సంతకం పెట్టించి, అందరి ముందూ చదువుతాను. ఇక వాడి షెడ్డుకి సైకిలు కూడా పోదు. సాయంత్రానికి దీన్ని మెషీను మీద పెట్టి నలభైకి కొట్టేస్తాను. అమ్మగారూ, ఆ నలభై పెట్టె ఇలా ఇవ్వండి."

నేను ఇచ్చాను. ఎందుకిచ్చానంటే నాకూ ఒళ్ళు మండుతోంది కాబట్టి. ఆఖరి మెట్టు అది, ఆ తరవాత ఆ కారుకి ఇక ఏమీ లేదు. అది తెలిసి కూడా ఇచ్చాను.

అప్పుడే స్కూటరు వచ్చి ఆగింది. దిగినవాడు బక్కపల్చటి మనిషి, కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా. షట్టరు కిందికి దిగే ఇనప గాడి దగ్గరికొచ్చి, దానికి జానెడు అవతలే ఆగిపోయాడు. రోడ్డు మీదే నిలబడ్డాడు. ఎండ నెత్తిన కొడుతోంది. లోపల మేస్త్రిగారు కూర్చున్న పీట అతనికి నాలుగడుగుల దూరం ఉంటుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

"ఏం బావా, ఫోనులో మా అమ్మ దాకా పోయావు. ఎదురుగా తిట్టు, వింటాను" అన్నాడు.

"లోపలికి రా. నీ ఘనకార్యం చూపిస్తాను."

"ఈ గాడి దాటనని పద్దెనిమిదేళ్ళనాడే చెప్పాను. అంత ముచ్చటగా ఉంటే నువ్వే ఎత్తుకురా. అరవడానికున్న బలం మొయ్యడానికీ ఉంటదిగా."

"ముప్పై అని గుద్ది ముప్పైరెండు కొట్టావు. నాలుగూ!"

"ముప్పైరెండు కొడితే ముప్పైరెండనే గుద్దుతాను. నా అంకెకి నేనే జవాబు చెప్పుకుంటాను. నీలాగా నలభై అయిదేళ్ళొచ్చాక కూడా ముసలాయన చెయ్యి పట్టుకుని పారాడటం లేదు నేను."

"ఆ ముసలాయన చెయ్యే రా నిన్ను గెంటింది!"

"గెంటింది. ఎందుకు గెంటిందో ఆ చేతినే అడుగు."

మరిడయ్య గాడి దాకా ఉరికాడు. చేతిలో సీలు కోయడానికి తీసిన బ్లేడు ఉంది. నూకరాజు కదల్లేదు. చూసి, "గడ్డం గీస్తావేటి?" అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచి అరిచాను. మా ఇంట్లో ఎవరూ నేనలా అరవగా విని ఉండరు. "మీ పాత కక్షలు తీర్చుకోవడానికి మా అన్నయ్య కారే దొరికిందా? నూకరాజు చేశాడో, మరిడయ్య అబద్ధమాడుతున్నాడో ముందు తేల్చండి. ఉన్నది ఒక్క క్రాంకు! నాకు ఉన్న రోజులెన్ని, వాటిలో బుర్ర సరిగ్గా పనిచేసే రోజులెన్ని? ఎవడు పాడుచేశాడో వాడి పేరు నాకు ఇవాళే కావాలి, రాసుకుంటాను!"

"కూర్చోండమ్మా" అన్నారు మేస్త్రిగారు. పీట మీంచి లేచారు. ఆయన నిలబడటం ఆ పూటకి అదే మొదలు. మరిడయ్య చేతిలోని బ్లేడు తీసుకుని జేబులో వేసుకున్నారు. నలభై పెట్టెని బల్ల మీంచి తీసి నా ఒళ్ళో పెట్టారు. సీలు ఒక కొసన తెగింది, ఇంకా విడిపోలేదు. తరవాత మైక్రోమీటరు ఉండే చెక్కపెట్టె తెరిచి, మూలనున్న చిన్న ఉక్కు కడ్డీ బయటికి తీశారు. వేలి కణుపంత ఉంటుంది. సరిగ్గా అంగుళం. మైక్రోమీటరు నిజం చెబుతోందా లేదా అని చూసుకోవడానికి దానితోపాటే వస్తుందట. అది అరగదు, పెరగదు, ఎవరూ దాన్ని మెషీను మీద పెట్టరు. దాన్ని మరిడయ్య ముందు పెట్టారు.

"కొలువు."

"ఇదాండి? ఇది అంగుళం. దీన్నేం కొలవాలి?"

"కొలువు."

"మేస్త్రిగారూ, వీడి ముందు నాకు ఓనమాలు దిద్దిస్తన్నారా?" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపపు నీళ్ళు. "ఇరవై అయిదేళ్ళు! అందరూ పోయినా నేనుండిపోయాను. నన్నా మీరు పరీక్ష పెట్టేది?"

మరిడయ్య కడ్డీని లాక్కుని, మొనల మధ్య పెట్టి, గొట్టం తిప్పాడు. అంకె మీదికి వంగాడు. వంగినవాడు వెంటనే లేవలేదు. వదులు చేసి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ చూశాడు. మూడోసారి తిప్పబోయి ఆగాడు.

"ఎంత?" అన్నారు మేస్త్రిగారు.

మరిడయ్య అంకెని బొటనవేలితో కప్పేశాడు.

"ఎంతొచ్చింది బావా?" రోడ్డు మీంచి నూకరాజు అడిగాడు. "చెప్పరాదా? అంగుళాన్ని కూడా నేనే తగ్గించి కొట్టానేటి?"

"మైక్రోమీటరు పోయింది!" అని మరిడయ్య దాన్ని బల్ల మీదికి విసరబోయాడు. "విసరకు!" అన్నారు మేస్త్రిగారు. ఆ కేకకి రేకు కప్పు మీది పావురాళ్ళు లేచిపోయాయి. ఆయన దాన్ని అతని చేతిలోంచి జాగ్రత్తగా తీసుకుని, సున్నా సరిచేసే మరని ముట్టుకోకుండా, కడ్డీతో సహా నా చేతిలో పెట్టారు. "మీరు తిప్పండమ్మా. తగిలిందనిపించగానే ఆపేయండి. మీకు వచ్చినట్టే తిప్పండి."

నా చేతులు వణుకుతాయి. కాఫీ గ్లాసు కూడా సగమే పోయించుకుంటాను. గొట్టం రెండు వేళ్ళతో తిప్పాను. ఏదో అడ్డొచ్చినట్టయింది, బిగించే శక్తి లేక ఆగిపోయాను. "సున్నా గీత సున్నా మీద ఉందాండి?" అని అడిగారు. కళ్ళజోడు సర్దుకుని చూశాను. ఉంది. మళ్ళీ తిప్పమన్నారు. మళ్ళీ అక్కడే ఉంది. నాకు సంతోషం వేయలేదు. ఒళ్ళో ఉన్న పెట్టె తెగిన సీలు వైపు చూసుకున్నాను.

మరిడయ్య తన బొటనవేలిని చూసుకుంటున్నాడు. గళ్ళు మళ్ళీ ఎర్రగా అచ్చుపడ్డాయి. ఆ గొట్టం జారకుండా దాని ఒంటి నిండా సన్నటి గళ్ళు చెక్కి ఉంటాయని అప్పుడు చూశాను. ఎంత నొక్కితే అంత అచ్చు.

అతను వెనక్కి వెళ్ళి, డ్రమ్ము దగ్గర సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడిగాడు. వచ్చి కడ్డీ కొలిచాడు. తలూపాడు. క్రాంకు మొదటి చోట కొలిచాడు. రెండోచోట, మూడోచోట. నాలుగోచోట కొలిచి మైక్రోమీటరుని నూనెగుడ్డ మీద మెల్లగా పెట్టాడు.

"ముప్పై" అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలియదు. "నాలుగూ ముప్పై."

రోడ్డు మీద నూకరాజు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. స్కూటరు తాళం వేళ్ళ మధ్య తిప్పుతూ, "పేరు రాసుకుంటానన్నారు కదండమ్మా, రాసుకోండి మరి" అన్నాడు నాతో. నాకు తల కొట్టేసినట్టయింది. అదీ రాసుకున్నాను.

అంతటితో అయిపోయిందనుకుంటే మరిడయ్యకి మళ్ళీ కోపం తన్నుకొచ్చింది. తప్పు ఒప్పుకున్నవాడికి వచ్చే కోపం మొదటిదానికన్నా చెడ్డది. ముప్పై పెట్టె సీలు చించి, రేకులు ఒక్కొక్కటీ తీసి వరసగా పేరుస్తూ, గోడతో పోట్లాడుతున్నట్టు మాట్లాడాడు. "సరే. ఈ క్రాంకు మటుకు వాడు సరిగానే కొట్టాడు. నేను నొక్కాను. నా చెయ్యిది తప్పు. ఒప్పుకున్నాను. అంతమాత్రాన వాడు మంచోడైపోతాడా? ఆ లారీ క్రాంకు మాటేటి? అది నేను కొలవలేదుగా. అది కొలిచింది మీరు! నా కళ్ళారా చూశాను, ఈ బల్ల మీదే. ఈ మైక్రోమీటరే. మూడు థౌలు తక్కువ రాలేదా? చెప్పండి! రాలేదా?"

నూకరాజు చేతిలో తాళం ఆగిపోయింది.

మేస్త్రిగారు కడ్డీని నూనెగుడ్డతో తుడుస్తున్నారు. తుడిచి, చెక్కపెట్టెలో దాని గుంటలో పెట్టబోయి, పెట్టలేదు. ఎడమ చేతిలోకి మార్చుకున్నారు. ఖాళీ అయిన కుడి చేతిని వెలుతురు వచ్చే వైపు, అంటే రోడ్డు వైపు, చాపారు. మేమెవరం అడగకుండానే చాపారు. డెబ్భై ఆరేళ్ళ చెయ్యి. నూనె నల్లగా దిగిపోయిన గీతలు. బొటనవేలి కొస మీద ఇప్పుడు ఏ అచ్చూ లేదు. అక్కడ ఏదో వెతుకుతున్నట్టు ఆయన చాలాసేపు దాన్నే చూశారు.

ఆయన గాడి వైపు రెండడుగులు వేశారు. దానికి జానెడు ఇవతల ఆగారు. నూకరాజు ముఖం చూడలేదు, తన చేతితోనే చెబుతున్నట్టు అన్నారు.

"ఆ రోజు కడ్డీ కొలుచుకోలేదురా."